ఆరని కందిలి

యాకయ్య చేతులకు బేడీలు లేవు. వెయ్యాలని ఎవరికీ తోచలేదు. క్వారీ గేటు పక్కన, పోలీసు జీపు నీడలో, గొంతుక్కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. పారిపోయే మనిషి చూపు దారి మీద ఉంటుంది. ఈయన చూపు తన కాలి బొటనవేళ్ల దగ్గరే ఆగిపోయింది.

డిటెక్టివ్ సదానందం ఆయనకు ఎదురుగా తానూ గొంతుక్కూర్చున్నాడు. సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చాడు. యాకయ్య రెండు గుక్కలు తాగి, దగ్గి, అరచేత్తో మూతి తుడుచుకున్నాడు.

"కాకా, నేను పోలీసును కాదు. ఒకప్పుడు హెడ్ కానిస్టేబుల్‌ను. ఇప్పుడు నా పని నేను చేసుకుంటున్న. హరీష్ వాళ్లమ్మ పంపింది నన్ను."

ముసలాయన తల ఎత్తాడు. "విజయలక్ష్మమ్మనా? నన్ను తిట్టిందా సార్?"

తిట్టలేదు. ఈ పొద్దున దవాఖానలో శవాల గది ముందు ఆమె సదానందం చెయ్యి పట్టుకుంది. హనుమకొండ చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే మనిషి, కొనడానికి వచ్చే గిరాకీలతో ఎంత గట్టిగా మాట్లాడుతుందో అంత మెల్లగా మాట్లాడింది. "నా కొడుకు నేను కట్టిచ్చిన డబ్బా మూత తియ్యకుండ తెచ్చేటోడన్నా. ఏందిరా అంటే, యాకయ్య తెచ్చిన జొన్నరొట్టె తిన్న అనేటోడు. అసొంటాయన సైరన్ కొట్టక నా కొడుకును చంపిండంటే మనసొప్పుతలేదు. ఏది చంపిందో కనుక్కొని చెప్పు. ఆయన కాదని తేలితే నాకు గదొక్కటన్న మిగులుతది."

"తిట్టలేదు. నిజం కనుక్కోమన్నది" అన్నాడు సదానందం.

స్టేషన్ ఘన్‌పూర్ అవతల రాయి తియ్యడం ఆగిపోయిన క్వారీ ఇది. చంద్రుడి మీద దిగే వాహనానికి ఇంజిన్ తయారుచేసే 'నెలవంక' అనే చిన్న కంపెనీ దీన్ని కిరాయికి తీసుకుంది. ఇనుప దూలాలకు ఇంజిన్‌ను మూతి కిందికి ఉండేలా వేలాడదీస్తారు. కింద చంద్రుడి మట్టికి బదులు క్రషర్ పొడి మందంగా పరుస్తారు. ఇంజిన్ కాల్చి, మంట ఎంత లోతు తవ్విందో, దుమ్ము ఎంత జోరుగా చిమ్మిందో కొలుచుకుంటారు. కొలిచే పని హరీష్‌ది. కాల్చే ముందు సైరన్ మోగించే పని యాకయ్యది. నిన్న సాయంత్రం కాల్పు అయ్యాక, కంట్రోల్ రూం లోంచి బయటికి వచ్చినవాళ్లకు హరీష్ కంచె పక్కన బోర్లా పడి కనిపించాడు. నుదురు పగిలింది. తల దగ్గర నెత్తురంటిన రాయి. మంటకు ఎగిరిన రాయి తగిలిందన్నారు. సైరన్ వినపడలేదన్నారు. అంతే, నేరం యాకయ్య మెడకు చుట్టుకుంది.

"సైరన్ కొట్టినవా కాకా?"

"కొట్టిన. మూడుమాట్ల కొట్టిన. ఎప్పుడు గట్లనే కొడ్త." దగ్గు వచ్చి ఆగాడు. "కొట్టిననే అనుకుంటాన సార్. రాత్రి నుంచి అందరు కొట్టలే, కొట్టలే అంటాండ్లు. ఇనంగ ఇనంగ నాకే అనుమానం వత్తాంది. నిన్న పగటీలి నుంచి తలకాయ దిమ్ముగున్నది."

"హరీష్‌ను ఆఖరుకు ఎప్పుడు చూసినవ్?"

"పొద్దుగాల పదకొండుకు ఒకపాలి కాల్చిండ్లు. పన్నెండు గొట్టంగ ఇద్దరం గుంత కాడికి పోయినం. నిలువున్నర లోతు తవ్వింది మంట. నిచ్చెన ఏసినం. నేను ఊకెనే దిగనియ్య. మా తాత బాయిల పూడిక తీసేటోడు సార్. ముందుగాల దీపం దించాలె. దీపం ఆరిందా, ఎన్కకు మర్లాలె. ఆరలేదా, దిగాలె. కందిలి ముట్టించి తాడు కట్టి దించిన. మంచిగ ఎలిగింది. పిలగాడు నవ్విండు. ఏం తాతా, చంద్రుని మీదికి గూడ కందిలి పంపుదామా అన్నడు." యాకయ్య తువ్వాలలోకి దగ్గాడు. "దిగు బిడ్డా, గాలి మంచిగనే ఉన్నదన్న. నేను సగం నిచ్చెన మీద నిలవడి టేపు అందిచ్చిన. గంతే. బువ్వ తినే యాళ్లకు పిలగాడు దగ్గుతాంటే, పోయి షెడ్డుల పండుకోమన్న. మల్ల పాణంతోటి చూడలే."

సీసా తిరిగి ఇస్తున్న ఆయన వేళ్లకు పసుపు అంటి ఉండడం సదానందం చూశాడు. చూసి, మనసులో ఒక మూలన పెట్టుకున్నాడు.

"ఏంది కాంటాయన, తూకం అయిందా?"

వెనక నుంచి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఓంప్రకాశ్ గొంతు. సదానందం తండ్రి కేసముద్రం మార్కెట్ యార్డులో కాంటా వేసేవాడు. తన కింద సదానందం పనిచేసిన రోజుల్లో ఓంప్రకాశ్ అంటించిన పేరు అది.

"బస్తా ఇంకా కాంటా ఎక్కలేదు సీఐ సాబ్. మీరైతే చిట్టీ రాసి జేబుల పెట్టుకున్నరు."

"నీ ముచ్చట్లకేం తక్కువ లేదు. పన్నెండుకల్లా వీన్ని కోర్టుల పెట్టాలె. సైరన్ కొట్టలేదని లోపలున్నోళ్లందరు చెప్పిండ్రు."

"వినపడలేదని చెప్పిండ్రు. తలుపులు బిగించుకొని ఏసీ గదిల కూసున్నోళ్లకు బయట పిడుగు పడ్డా వినపడదు. నిన్నటి ఫొటోలు ఉన్నయా మీ ఫోన్ల?"

ఓంప్రకాశ్ విసుగ్గా ఫోన్ చేతిలో పెట్టాడు. సదానందం బొమ్మను పెద్దది చేసి చూశాడు. కంచె పక్కన హరీష్. చెవుల మీద రెండు నల్లటి డొప్పలు, ఇంజిన్ మోతకు చెవులు పోకుండా పెట్టుకునేవి.

"ఇవి ఎప్పుడు పెట్టుకుంటరు ఇక్కడ?"

"సైరన్ మోగినంక" అన్నాడు ఓంప్రకాశ్. అనేశాక గాని ఆ మాట బరువు ఆయనకు తెలియలేదు.

"సైరన్ వినకుండ చెవులు ఎవరు మూసుకుంటరు సాబ్?"

ఓంప్రకాశ్ మీసం కొరికాడు. "సరే, కొట్టిండే అనుకో. రాయి తాకింది గదా? మనిషి సచ్చిండు గదా?"

"పా. ఆ రాయి సంగతి చూద్దాం."

కంచె లోపల, పొడి పరిచిన నేల చుట్టూ, మనిషెత్తు తెల్లటి పలకలు నిలబెట్టి ఉన్నాయి. కంపెనీ డైరెక్టర్ రాజేశ్వర్ రావు అక్కడే ఉన్నాడు. రాత్రంతా కంటి మీద రెప్ప వెయ్యని మొహం. సదానందం పలకల సంగతి అడిగితే, పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాడు.

"ఇక్కడ దుమ్ము లేస్తే గాలి ఆపుతది. చంద్రుడి మీద గాలి లేదు. ఇంజిన్ మంట కింద నేల లేచిందంటే, ఇసుక రేణువు బందూకు గుండు లెక్క నేలకు ఆనుకొని పోతనే ఉంటది. పక్కన ఇంకో వాహనం ఉంటే దాని అద్దాలు, పలకలు జల్లెడైతయి. అందుకే ఈ బోర్డులు. గుంటలు చూసి లెక్క కట్టుకుంటం."

"హరీష్‌కు, మీకు పడేది కాదట గదా?"

"ఎవరు చెప్పిన్రు?"

"మీ మొహం చెప్తున్నది."

రాజేశ్వర్ రావు పలక అంచు మీది దుమ్ము తుడిచాడు. "పడకపోవడం కాదు, వాదన. నడుమ ఒక్క పెద్ద ఇంజిన్ అన్న నేను. నాలుగు చిన్నవి, పైన పక్కలకు పెట్టి మంటను విడగొట్టాలె అన్నడు వాడు. ఒక్కటే పెడితే దిగే చోట మనమే బావి తవ్వుకుంటం సార్, ఎగిరిన రాళ్లు మన కడుపుకే కొడతయి అనేటోడు. నిజమే. కాని నాలుగంటే బరువు. నాలుగు వాల్వులు. ఒకటి ఆగితే వాహనం పల్టీ కొడతది."

"మరి ఇంధనం?"

"రెండు ద్రవాలు. ఒకదానికొకటి తాకితే చాలు, వాటంతట అవే అంటుకుంటయి. చంద్రుడి మీద నిప్పు అంటుకోకపోతే దిగుడు ఉండదు, పడుడే. అందుకని అవే నమ్మకం."

"అది కూడా హరీష్‌కు నచ్చలేదా?"

"నచ్చలేదు" అన్నాడు రాజేశ్వర్ రావు. ఎందుకో చెప్పలేదు. చూపు పక్కకు తిప్పుకున్నాడు. సదానందం అదీ మూలన పెట్టుకున్నాడు.

పలకల ముందు వంగి వేళ్లతో తడిమాడు. గుంటలు దట్టంగా ఉన్నవి మోకాలి ఎత్తు లోపే. నడుము దాటాక అన్నీ నుసి గీతలు. వేటికీ జొన్నగింజను మించిన వెడల్పు లేదు. పిడికెడు పొడి తీసి అరచేతిలో పరిచి చూశాడు.

"దీన్ని జల్లెడ పట్టి పరుస్తరా?"

"రెండుసార్లు. గింజ కొలత దాటితే మా లెక్కలు తప్పుతయి."

సదానందం ఓంప్రకాశ్ వైపు తిరిగాడు. "మీరు సీలు వేసిన రాయి పిడికిలంత ఉన్నది సాబ్. జల్లెడ పట్టిన పొడిలకెల్లి అదెట్ల ఎగిరింది?"

సదానందం నడుచుకుంటూ ఒక పలక వెనక్కి వెళ్లాడు. అక్కడ కంచె మొదట్లో, పలకలు బోల్తా పడకుండా పేర్చిన రాళ్లు వరుసగా ఉన్నాయి. ఒక్కచోట పిడికిలంత రాయి తీసేసిన సందు. సందులో ఎర్రమట్టి ఇంకా చెమ్మగా ఉంది. నెత్తురు మరకా అక్కడే మొదలైంది.

"హరీష్ మీదికి రాయి రాలేదు. హరీషే రాయి మీద పడ్డడు. సైరన్ విని షెడ్డుల నుంచి లేచి, డొప్పలు పెట్టుకొని, కంట్రోల్ రూంకు పోయే దారిల ఈ పలక ఎనక పడ్డడు. అందుకే ఒంటి మీద ఒక్క నలుసు దెబ్బ లేదు."

"పడితే సస్తడా మనిషి?" అన్నాడు ఓంప్రకాశ్. ఈసారి గొంతులో ఎకసెక్కం తగ్గింది.

"చావడు. అందుకే అడుగుతున్న, ఎందుకు పడ్డడు?"

పొద్దున శవాల గదిలో చూసినవి సదానందం కళ్ల ముందు కదిలాయి. చొక్కా గల్ల మీద నీళ్లు కలిపిన నెత్తురులాంటి లేత మరక. నుదుటి గాయం నెత్తురు నల్లగా గడ్డకట్టింది, ఈ మరక మాత్రం నురగ ఆరినట్టుంది. ఇంకా, వేళ్ల కొసలకు పసుపు. వ్యాపారం ఇల్లు, పూజ చేసుకుని వచ్చి ఉంటాడనుకున్నాడు అప్పుడు. కాని యాకయ్య వేళ్లకూ అదే పసుపు. జైలుకు పొయ్యే మనిషి ఏ పూజ చేశాడు?

ఇనుప దూలం కాలికి బిగించిన కొక్కేనికి కందిలి వేలాడుతోంది. దాని తాడు చుట్టలు చుట్టి పద్ధతిగా పెట్టి ఉంది. సదానందం దించి చూశాడు. గాజుబుడ్డి తుడిచి మెరుస్తోంది. రోజూ ముట్టించే మనిషి చేతి శుభ్రం అది. అటువంటి కందిలికి వత్తి పట్టే ఇత్తడి మూతి మాత్రం ఆకుపచ్చగా పొంగి, చిలుము పట్టి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. చిలుము ఏళ్ల మీద పడుతుంది. ఇది నిన్నటిది.

కేసముద్రంలో బడి పక్కనే అవుసలి బ్రహ్మయ్య కొట్టు. బంగారం పరీక్షకు తేజాబ్ అనే ఘాటు యాసిడ్ చుక్క వేసేవాడు. ఇత్తడి మీద పడితే పచ్చగా పొంగేది, ఎర్రటి పొగ లేచేది. ఆయన వేళ్ల కొసలు ఎన్ని కడిగినా పసుపు రంగే. పిల్లలు పొగ చూడడానికి మూగితే కర్ర తీసుకుని తరిమేవాడు. అంత మెతకమనిషి అప్పుడు ఒక్కప్పుడే కర్ర పట్టేవాడు.

సదానందం కందిలిని రాజేశ్వర్ రావు మొహం ముందు పెట్టాడు.

"నిన్న పొద్దున ఇంజిన్ ఆగినంక, ఎర్ర పొగ ఎంతసేపు కారింది గుంతల?"

రాజేశ్వర్ రావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీ రెండు ద్రవాలల్ల ఒకటి తేజాబ్ చుట్టమే కదా?"

"అవును, మంటను మండించే ఆక్సిడైజర్" అన్నాడు ఆయన, ఎటో చూస్తూ. "ఇంజిన్ ఆగినంక కూడా ట్యాంకు మీటరు ముల్లు దిగుతనే ఉండె. మీటరు ఖరాబైందనుకున్న."

"వాల్వు ఎప్పుడు మార్చిండ్రు?"

"మధ్యాహ్నం రెండింటికి."

"మీటరు ఖరాబైతే వాల్వు ఎందుకు మార్చిండ్రు?"

రాజేశ్వర్ రావు పలక పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. పెద్ద చదువు, పెద్ద కొలువు, సొంత కంపెనీ, అన్నీ కలిసి ఆ క్షణాన ఆయన్ను నిలబెట్టలేకపోయాయి.

"అప్పటికే వాడు దిగి వచ్చిండు. బాగనే ఉన్నడు, నవ్వుతున్నడు. దగ్గు వస్తుందంటే దుమ్ము అనుకున్న... అనుకోలేదు. తెలుసు నాకు. దవాఖానకు తీసుకపోతే ఏం పీల్చిండో చెప్పాలె. సాయంత్రం హైదరాబాద్ నుంచి పెట్టుబడి పెట్టేటోళ్లు వస్తున్నరు. ఒక్క కాల్పు అయిపోనీ, తర్వాత నేనే తీసుకపోత అనుకున్న. వాడు ఎప్పుడూ అదే కొట్లాట. ఈ ఇంధనం ఆరినంక కూడా చంపుతది సార్, రేపు చంద్రుడి మీద మనిషిని దించితే, మంట ఆరింది గదా అని తలుపు తీసి అందులనే కాలు పెడతడు అనేటోడు. ఖరీదైనా, చల్లగా దాచిపెట్టుడు కష్టమైనా, ఆక్సిజన్ మీద నడిచేది చేద్దామనేటోడు. వినలేదు నేను."

"నుదురు పగిలి కనపడంగనే రాయి కథ దొరికింది మీకు. దాని కింద యాకయ్యను పెట్టిండ్రు."

రాజేశ్వర్ రావు మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఓంప్రకాశ్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఆ గాలి అంత మెల్లగ చంపుతదా?" అని రాజేశ్వర్ రావును అడిగాడు.

"పీల్చినప్పుడు ఏం తెల్వదు. మనిషి తిరుగుతడు, తింటడు, మాట్లాడుతడు. కొన్ని గంటలకు ఊపిరితిత్తులల్ల నీళ్లు ఊరుతయి. ఎంత పీల్చిండనే దాన్ని బట్టి. ఒక్కోసారి రోజంత పడుతది. నీళ్లల్ల మునిగినట్టే పోతడు. పీల్చినోళ్లను బాగున్నా సరే ఒక దినం దవాఖానల పెట్టాలె. అది మా మొదటి రూలు." రాజేశ్వర్ రావు కళ్లు తుడుచుకున్నాడు. "గుంత అడుగుకు వంగి కొలిచిండు కాబట్టి తొందరగ... వాడొక్కడే దిగిండు, అదొక్కటే నయం."

సదానందం తన చేతిలోని కందిలి తాడును చూశాడు.

తాడు పట్టుకున్నది ఎవరు? సగం నిచ్చెన మీద నిలబడి టేపు అందించింది ఎవరు? పొద్దటి నుంచి మాట మాటకూ దగ్గుతున్నది ఎవరు?

"సీఐ సాబ్, జీపు తాళం" అంటూనే సదానందం పరుగెత్తాడు.

యాకయ్య కూర్చున్నచోటే ఉన్నాడు. కాని ఇప్పుడు చక్రానికి ఒరిగి ఉన్నాడు. పెదవులు నేరేడు పండు తిన్నట్టు నల్లబడ్డాయి. ఊపిరి తీస్తుంటే రొమ్ములో నీళ్ల బుడగలు లేచే చప్పుడు. ఎవరికీ ఇబ్బంది కాకూడదన్నట్టు, దగ్గును తువ్వాలలో దాచుకుంటున్నాడు. తువ్వాల మీద లేత ఎరుపు నురగ.

ఓంప్రకాశ్ ఒక్కమాట అడగలేదు. జీపు వెనక తలుపు తీసి, ముసలాయన చంకల కింద చేతులు వేసి ఎత్తాడు. "కూసోబెట్టి పట్టుకో సదానందం, పండబెట్టకు" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నోట తన అసలు పేరు వినడం సదానందానికి అదే మొదలు. స్టీరింగ్ ముందు కూర్చుని, దవాఖానకు ఫోన్ చేసి, ఏ గాలి పీల్చాడో చెప్పి, ఆక్సిజన్ సిద్ధం పెట్టాలని అరుస్తూనే జీపును గేటు దాటించాడు.

"ఏడికి సార్? కోర్టుకా?" అన్నాడు యాకయ్య.

"దవాఖానకు కాకా."

"ఫికర్ చెయ్యకుండ్రి. దుమ్ము దగ్గు. గంతే." ఊపిరి కూడగట్టుకున్నాడు. "సార్, ఒక్కటి చెప్పు. సైరన్ కొట్టిననా నేను?"

"కొట్టినవ్ కాకా. హరీష్ విన్నడు. విని చెవులు గూడ మూసుకున్నడు."

"ఇన్నడా?"

"విన్నడు."

యాకయ్య మొహంలో రాత్రి నుంచి బిగిసి ఉన్నదేదో వదులైంది. కంటి కొన నుంచి నీరు చెంప గుంటలోకి జారింది. "నా పెండ్లాం మొగిలికి చెప్పాలె. ఇంట్ల పొయ్యి ముట్టియ్యలేదట." రొమ్ములో బుడగల చప్పుడు పెరిగింది. "మరి పిలగాడు ఎట్ల పోయిండు సార్?"

సదానందం ఈ క్వారీలోకి వచ్చింది ఆ ప్రశ్నకు జవాబు కోసమే. జవాబు దొరికింది. దాన్ని హరీష్ తల్లికి చెప్పగలడు, కోర్టుకు చెప్పగలడు. దీపం చెప్పేది గాలి ఉందా లేదా అనే. గాలిలో ఏం కలిసిందో అది చెప్పదు. ఈ ఒక్కమాటను మాత్రం ఈ మనిషికి చెప్పే నోరు ఆయనకు లేదు.

"వాళ్ల మిషిని ఖరాబై పోయిండు కాకా. నువ్వు మాట్లాడకు. దమ్ము తీసుకో."

"నేనైతే చూసే దిగుమన్న సార్. దీపం ఆరలే."

జీపు గతుకులో పడింది. సీటు కింద ఇత్తడి చప్పుడైంది. పరుగులో చేతిలోనే ఉండిపోయిన కందిలిని సదానందం కాళ్ల దగ్గర పెట్టాడు. యాకయ్య చూపు అక్కడ పడింది. నిన్న తన చేత్తో తుడిచి పెట్టిన కందిలి. దాని పచ్చటి మూతిని చూశాడు. పసుపు పట్టిన తన వేళ్లను పైకి తెచ్చి చూసుకున్నాడు. మళ్లీ కందిలిని చూశాడు.

సదానందం తన తువ్వాల తీసి కందిలి మీద కప్పాడు. అప్పటికే ఆలస్యమైంది.

"ఆరలే గద సార్?" అన్నాడు యాకయ్య.

ఇంతకుముందు చెప్పిన మాటే. ఈసారి అడుగుతున్నాడు.